సేంద్రియ సాగులో వలస శ్రామికులతో న్యాయంగా పని చేయించుకోవడం ఎలా

కలుపు మందు వాడని పొలంలో కలుపును మనిషి చేతితోనే తీయాలి. పురుగు మందు చల్లని తోటలో ఆకు తిప్పి చూడడం, పురుగు పట్టిన కాయను ఏరివేయడం, పశువుల ఎరువును కుళ్లబెట్టి మోసి చల్లడం కూడా చేతి పనులే. రసాయనం తగ్గిన మేరకు చేతి పని పెరుగుతుందని సేంద్రియ సాగుకు మారిన రైతుకు మొదటి పంటలోనే తెలిసివస్తుంది. ఆ చేతులు చాలా చోట్ల దూరం నుంచి వచ్చి, కలుపు వేళకో కోత వేళకో నాలుగు వారాలు ఉండి, పని అయిపోగానే వెళ్లిపోయే వలస శ్రామికులవి. నేలకు విషం తగలకుండా చూసుకున్న రైతు ఆ నేల మీద వంగి పనిచేసే మనిషి నడుముకు ఏమవుతోందో చూసుకోకపోతే, సేంద్రియ సాగులో సగం పని మాత్రమే చేసినట్టని నా నిశ్చితాభిప్రాయం.

సేంద్రియ ధ్రువపత్రం ఉంది కదా, అందులోనే ఇవన్నీ ఉంటాయి కదా అని మీరు అనుకోవచ్చు. అలా అనుకోవద్దు. అమెరికా జాతీయ సేంద్రియ ప్రమాణాలు గానీ, ఐరోపా సమాఖ్య 2018/848 నియమావళి గానీ ఏ ఎరువు వేయవచ్చో, ఏ విత్తనం వాడవచ్చో, ఏ మందు నిషిద్ధమో వివరంగా చెబుతాయి కానీ, కూలి ఎంత ఇవ్వాలి, శ్రామికులు ఎక్కడ పడుకోవాలి అనే విషయాలకు షరతులు పెట్టవు. అంతర్జాతీయ సేంద్రియ వ్యవసాయ ఉద్యమాల సమాఖ్య అయిన ఐఫోమ్ 2005లో ఆమోదించిన నాలుగు మూల సూత్రాలలో ఆరోగ్యం, జీవావరణం, జాగరూకతలతో పాటు న్యాయం కూడా ఉంది. అయితే సూత్రంగా రాసుకున్నది పొలం గట్టు మీద ఆచరణగా మారాలంటే ఆ పని మీరే చేయాలి. పంట కాలం ఎలా నడుస్తుందో ఆ వరుసలోనే అది ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి అడుగు: మనుషులను పిలిచే ముందు పనిని లెక్క కట్టండి

అన్యాయం చాలా సార్లు దురుద్దేశంతో మొదలు కాదు, తప్పుడు లెక్కతో మొదలవుతుంది. పదిమంది చేయవలసిన పనికి ఆరుగురిని పిలిచిన తరువాత, వాన ముంచుకొస్తుంటే ఆ ఆరుగురినీ చీకటి పడేదాకా పొలంలోనే ఉంచవలసి వస్తుంది. అందుకని కాగితం మీద లెక్క వేయడానికి ముందు, పొలంలో ఒక సాలు కలుపు తీయడానికి ఒక మనిషికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టుకుని చూడండి. వీలైతే ఆ సాలు మీరే తీయండి, దీనివల్ల నడుముకు ఎంత శ్రమ అవుతుందో కూడా లెక్కలోకి వస్తుంది.

ఉదాహరణకు సాలుకు 40 నిమిషాలు పడుతుందనీ, 300 సాళ్లు ఉన్నాయనీ అనుకుందాం. మొత్తం 200 గంటల పని. రోజుకు 8 గంటలు ఏకబిగిన చేస్తారని లెక్క వేస్తే 25 పనిదినాలు, అంటే 5 రోజుల్లో ముగించడానికి 5 మంది చాలు అనిపిస్తుంది. కానీ నీళ్లు తాగడానికి, నీడలో కూర్చోవడానికి, సాలు మారడానికి, పనిముట్టు పదును పెట్టుకోవడానికి పోయే సమయం తీసివేస్తే ఆ 8 గంటల్లో చేతికి చిక్కేది 7 గంటలే. అప్పుడు దాదాపు 29 పనిదినాలు కావాలి, కనుక 6 మందిని పిలవాలి. ఆ ఆరో మనిషి కూలి నిజానికి మిగిలిన ఐదుగురి విశ్రాంతికి అయ్యే ఖర్చు. దానిని మిగుల్చుకోవాలని చూసిన రైతు ఆ ఐదుగురి ఒంటి నుంచి దానిని రాబట్టుకుంటున్నాడు.

కలుపును ముందే తగ్గించగలిగితే పని కూడా తగ్గుతుంది. విత్తే ముందు నేలను తడిపి, మొలిచిన కలుపును పైపైన గీరి చంపి, ఆ తరువాతే విత్తనం వేయడం. సాళ్ల మధ్య దూరం సమానంగా ఉంచి, గుంటక గానీ చక్రాల కలుపు పనిముట్టు గానీ తిరిగేటట్టు చూసుకోవడం. ఎండుగడ్డితో నేలను కప్పడం. పంట మార్పిడితో ఒకే రకం కలుపు స్థిరపడకుండా చేయడం మీకు తెలిసిన పద్ధతులే. అయితే వీటిని దిగుబడి కోసం చేసే పనులుగా మాత్రమే చూడకండి. మొక్క మొదట్లో చేతితో తీయవలసిన కలుపు సగానికి తగ్గితే, వంగి ఉండే సమయం కూడా సగం తగ్గుతుంది.

రెండో అడుగు: కూలిని ధరలోకి చేర్చండి

కొనేవారితో ధర మాట్లాడుకున్న తరువాత మిగిలినదానిలోంచి కూలి ఇవ్వడం చాలా చోట్ల నడిచే పద్ధతి. దానిని తిరగేయండి. మొదటి అడుగులో తేలిన పని గంటలను, గంటకు మీరు ఇవ్వదలచిన కూలితో గుణించి, వసతి, రవాణా, బీమా, నీడ కోసం వేసే పందిరి ఖర్చులను కలిపి, ఒక కిలో పంటకు ఎంత పడుతుందో తేల్చి, ఆ అంకె చేతిలో పట్టుకునే ధర మాట్లాడడానికి వెళ్లండి. ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనాన్ని కింది గీతగా తీసుకోవాలి తప్ప అదే సరైన కూలి అని అనుకోకూడదు.

కొనేవారు ఒప్పుకోరని ముందే నిరాశ పడనవసరం లేదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో టమాటా కోసే వలస శ్రామికులు 1993లో ఇమోకలీ శ్రామికుల కూటమిగా ఏర్పడ్డారు. వారు పెద్ద పెద్ద ఆహార కంపెనీలను ఒప్పించి, కొనే ప్రతి పౌండు టమాటాకు ఒక సెంటు (డాలరులో నూరో వంతు) అదనంగా చెల్లించి అది శ్రామికులకు చేరే ఏర్పాటు చేయించారు. 2011 నుంచి ఆ రాష్ట్రపు టమాటా పొలాలలో అది ఫెయిర్ ఫుడ్ కార్యక్రమంగా విస్తృతంగా అమలవుతోంది. అది సేంద్రియ సాగు కోసం పుట్టిన పద్ధతి కాదు, కానీ కూలి పెంపు భారాన్ని రైతు ఒక్కడే మోయనక్కరలేదనీ, కొనేవారు ఇచ్చే చిన్న మొత్తాన్ని నేరుగా శ్రామికుడికి చేర్చవచ్చనీ నిరూపించింది. సేంద్రియ పంట కొనేవారు మామూలు పంట కన్నా ఎక్కువ ధర చెల్లించడానికి ముందే సిద్ధపడి ఉంటారు గనుక, ఆ ఎక్కువలో ఎంత భాగం పొలంలోని చేతులకు వెళుతుందో వారికి చెప్పగలగడం మీ పంటకు బలం.

మూడో అడుగు: ఎవరి ద్వారా వస్తున్నారో తెలుసుకోండి

వలస శ్రామికులు ఎక్కువగా మేస్త్రీ ద్వారానో, సరఫరా సంస్థ ద్వారానో వస్తారు. మీ పొలంలో అడుగు పెట్టకముందే వారి మీద అప్పు పడి ఉండవచ్చు. పని ఇప్పించినందుకు రుసుము, ప్రయాణానికి చేబదులు, కాగితాలకు ఖర్చు, వీటన్నిటి మీద వడ్డీ కలిసి మొదటి నెల కూలిని మింగేస్తాయి. ఆ అప్పు తీరేదాకా శ్రామికుడు ఏ బాధ వచ్చినా నోరెత్తడు, వదిలి వెళ్లడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు చాకిరీని గుర్తించడానికి చెప్పిన 11 సూచికలలో అప్పుతో కట్టివేయడం, కూలి బిగబట్టడం, గుర్తింపు పత్రాలు లాక్కుని ఉంచుకోవడం, మోసపు మాటలు చెప్పి తీసుకురావడం ఉన్నాయి. ఇవన్నీ మీకు తెలియకుండానే మీ పొలంలోకి రాగలవు.

పని వెతికిపెట్టే ప్రైవేటు సంస్థలు శ్రామికుల నుంచి నేరుగా గానీ పరోక్షంగా గానీ రుసుము వసూలు చేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడిక చెబుతుంది. మీరు పాటించవలసిన నియమం కూడా అదే. పిలిపించుకున్నవారే పిలిపించే ఖర్చు భరించాలి. మేస్త్రీకి ఇవ్వవలసింది మీరే ఇచ్చి, శ్రామికుల దగ్గర ఏమీ తీసుకోకూడదని అతనితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. లైసెన్సు అవసరమైన చోట దానిని కళ్లతో చూడండి. ఆ తరువాత, శ్రామికులు వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే, మేస్త్రీ పక్కన లేని సమయంలో, వారి భాష తెలిసిన మనిషి సాయంతో ఒక్కొక్కరినీ అడగండి: ఇక్కడికి రావడానికి ఎవరికి ఎంత చెల్లించారు? ఎవరికైనా బాకీ ఉన్నారా? కూలి ఎంతని చెప్పి తీసుకొచ్చారు? వచ్చిన జవాబు ఒప్పందంతో సరిపోకపోతే, ఆ సొమ్మును వారికి తిరిగి ఇప్పించే బాధ్యత మీదే. ఎవరు ఏం చెప్పారన్నది మాత్రం మేస్త్రీకి తెలియనివ్వకండి.

ఈ జాగ్రత్త ఎందుకో చెప్పడానికి ఒక దుర్ఘటన చాలు. 2004 ఫిబ్రవరిలో బ్రిటన్‌లోని మోర్కాంబ్ అఖాతంలో గుల్లలు ఏరడానికి ముఠా నాయకులు తీసుకువెళ్లిన చైనా వలస శ్రామికులు, రాత్రి పూట పోటెత్తిన సముద్రంలో చిక్కుకుని కనీసం 21 మంది మునిగి చనిపోయారు. అదే ఏడాది అక్కడ వ్యవసాయానికి, గుల్లల సేకరణకు కూలీలను సరఫరా చేసేవారు లైసెన్సు తీసుకోవాలనే చట్టం వచ్చింది.

నాలుగో అడుగు: మాటను కాగితం మీద పెట్టండి

బయలుదేరక ముందే, వారి భాషలో, ఒకటి రెండు పుటల్లో ఒప్పందం వారి చేతికి అందాలి. ఏ పని, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, రోజుకు ఎన్ని గంటలు, వారంలో ఏ రోజు సెలవు, కూలి గంటకా, రోజుకా, బుట్టకా, అదనపు గంటకు ఎంత, ఎప్పుడు చెల్లిస్తారు, కూలిలోంచి దేనికైనా కోత ఉంటే ఎంత, తిరుగు ప్రయాణం ఖర్చు ఎవరిది, మధ్యలో మానుకుంటే ఏమిటి అన్నవి అందులో ఉండాలి. చదవడం రానివారికి చదివి వినిపించి, అదే మాట ఫోనులో రికార్డు చేసి పంపండి. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకుని ఒప్పందం అయిపోయిందనుకోవడం తగదు.

ఇందులో రైతులు సాధారణంగా మరిచిపోయేది, వాన పడిన రోజుల సంగతి. పంట ఆలస్యంగా పండవచ్చు, నేల తడిసి కాలు పెట్టలేకపోవచ్చు, చీడ వచ్చి సగం తోట పోవచ్చు. ఆ రోజుల్లో శ్రామికుడు గదిలో కూర్చుని తింటూ ఉంటాడు, ఇంటికి పంపవలసిన సొమ్ము మాత్రం ఆగదు. కనుక మొత్తం కాలానికి ఇన్ని పనిదినాల కూలి తప్పకుండా ఇస్తానని ఒక కనీస హామీ రాయండి. వాన రోజుకు నీడలో చేసే పనులు, అంటే విత్తనం శుభ్రం చేయడం, బుట్టలు బాగు చేయడం, నారు పోసే పళ్లాలు నింపడం వంటివి దాచి ఉంచుకుంటే ఆ హామీ మీకు భారం కాదు. వాతావరణపు నష్టాన్ని తట్టుకోవడానికి రైతుకు నేల అయినా ఉంది, వలస వచ్చినవాడికి అదీ లేదు.

ఐదో అడుగు: తల దాచుకునే చోటు

వసతి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, మీ ఇంటివారిని అక్కడ ఒక నెల ఉంచగలరా అని ఆలోచిస్తే చాలు. వాన కారని కప్పు, గాలి వచ్చే కిటికీ, నేల మీద కాకుండా మనిషికొక పడక, లోపల నుంచి గడియ పెట్టుకోగల తలుపు, తాగడానికి మంచి నీరు, వండుకునే చోటు, స్త్రీలకు విడిగా స్నానాల గది, మరుగుదొడ్డి, ఫోను చార్జింగు పెట్టుకునే వీలు, రాత్రి వెలుతురు ఉండాలి. ఎరువు సంచులు, గంధకం, రాగి మందులు ఉంచే గదిలో గానీ దాని పక్క గదిలో గానీ ఎవరినీ పడుకోనివ్వకండి. పశువుల కొట్టాన్ని ఊడ్చి ఇచ్చేస్తే సరిపోదు. వసతికి కూలిలోంచి డబ్బు పట్టుకోవడం నా దృష్టిలో తగదు, తప్పనిసరి అయితే అది ముందే రాసిన చిన్న మొత్తమే అయి ఉండాలి.

ఒక్క విషయంలో మాత్రం ఏ సర్దుబాటూ వద్దు. భద్రంగా ఉంటాయని చెప్పి పాస్‌పోర్టులు, గుర్తింపు కార్డులు మీ దగ్గర ఉంచుకోకండి. వాటికి ప్రతి మనిషికీ తాళం ఉన్న చిన్న పెట్టె ఇవ్వండి, తాళం చెవి వారి దగ్గరే ఉండనివ్వండి.

ఆరో అడుగు: మొదటి వారం ఎండ

ఆరుబయట పనిలో వడదెబ్బతో సంభవించే మరణాలలో సగానికి పైగా పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే జరుగుతున్నాయని అమెరికా వృత్తి భద్రతా సంస్థ చెబుతుంది. శరీరం వేడికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. చల్లని చోటు నుంచి వచ్చినవాడు, చాలా రోజులు పని లేకుండా ఉండి వచ్చినవాడు, వచ్చిన మర్నాడే అందరితో సమానంగా చేయాలని పోటీ పడతాడు, ఎందుకంటే చేయలేకపోతే పంపించేస్తారేమోనని అతని భయం. ఆ భయాన్ని మీరే తీయాలి. కొత్తవారికి మొదటి రోజు ఎండలో పూర్తి పనిలో 20 శాతం మాత్రమే ఇచ్చి, రోజుకు మరో 20 శాతం చొప్పున పెంచుకుంటూ పోవాలని అక్కడి పరిశోధకులు సూచిస్తున్నారు. మిగిలిన సమయాన్ని నీడలోని పనికి, పనిముట్లు, మందుల జాగ్రత్తలు నేర్పడానికి వాడండి. ఆ రోజులకు కూడా పూర్తి కూలి ఇవ్వండి, లేకపోతే ఎవరూ ఆ నియమాన్ని పాటించరు.

నీళ్లు పని జరిగే సాలు చివరే ఉండాలి. 15 నుంచి 20 నిమిషాలకు ఒకసారి ఒక గ్లాసు చొప్పున, గంటకు దాదాపు ఒక లీటరు తాగాలి. దాహం వేసినప్పుడు తాగుతారులే అనుకోకండి, అప్పటికే ఆలస్యం అవుతుంది. మరుగుదొడ్డి కూడా దగ్గర ఉండాలి. అది లేని పొలంలో స్త్రీలు రోజంతా నీళ్లు తాగకుండా ఆపుకుంటారు, మూత్రనాళపు జబ్బులు, వడదెబ్బ రెండూ అక్కడి నుంచే వస్తాయి. అమెరికా నిబంధన ప్రకారం ప్రతి 20 మందికి ఒక మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే ఏర్పాటు నడిచి వెళ్లగల పావు మైలు లోపల, అంటే సుమారు 400 మీటర్లలో ఉండాలి. చక్రాల బండి మీద అమర్చుకుంటే పని ఎక్కడికి జరిగితే అక్కడికి తీసుకుపోవచ్చు. మాట తడబడుతూ, నడక తూలుతూ, తికమకగా ఉన్న మనిషిని వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూనే అంబులెన్సును పిలవాలని మేస్త్రీతో సహా అందరికీ నేర్పండి.

ఏడో అడుగు: వంగిన నడుము

సేంద్రియ సాగులో న్యాయమంటే ఏమిటో తేలేది ఇక్కడే. ఒకప్పుడు కాలిఫోర్నియా పొలాలలో వలస శ్రామికుల చేత పొట్టి పిడి తొలికతో కలుపు తీయించేవారు. పొట్టి పిడి పట్టుకుంటే మనిషి రోజంతా వంగే ఉంటాడు, ఎవరు నడుము ఎత్తారో దూరం నుంచి అజమాయిషీదారుకు కనిపిస్తుంది. నడుములు పోయిన శ్రామికుల తరఫున ఏళ్ల తరబడి పోరాటం జరిగి, 1975లో దాని వాడకం ఆగింది. అప్పుడు చాలా చోట్ల పొడుగు తొలిక రాలేదు, పనిముట్టే లేకుండా ఉత్త చేతులతో పీకించడం మొదలైంది. ఆ లోపాన్ని పూడ్చడానికి 2004లో చేతి కలుపు మీద కూడా ఆ రాష్ట్రం ఆంక్షలు పెట్టింది. కానీ కలుపు మందు వాడలేరన్న కారణంతో సేంద్రియ రైతులను ఆ ఆంక్షల నుంచి మినహాయించింది. సేంద్రియ రైతు అయిన మీరు ఈ సంగతిని మరచిపోకూడదు. చట్టం మినహాయింపు ఇచ్చినంత మాత్రాన సేంద్రియ పొలంలో వంగిన నడుముకు నొప్పి తగ్గదు.

కనుక మీ పొలానికి మీరే నియమం పెట్టుకోండి. నిలబడి చేయగల కలుపును పొడుగు పిడి పనిముట్టుతోనే చేయించండి. మొక్క మొదట్లో, చేతితోనే తీయక తప్పని చోట మాత్రమే వంగి, లేదా గొంతుక్కూర్చుని చేయించండి. అలాంటి పని ఏకబిగిన రెండు గంటలు మించకుండా, ఆ తరువాత నిలబడి చేసే పనికి మారేలా జట్లను తిప్పండి. కాలిఫోర్నియా నియమంలో చేతి కలుపు వారికి ప్రతి విశ్రాంతికి అదనంగా 5 నిమిషాలు ఇవ్వాలని ఉంది, దానిని మీరూ పాటించవచ్చు. మోకాళ్లకు మెత్తలు, బరువు తగ్గించిన చిన్న బుట్టలు, సాళ్ల మధ్య మనుషులు పడుకుని గానీ కూర్చుని గానీ కదిలే తక్కువ ఎత్తు బండ్లు పెద్ద ఖర్చు కావు. పడుకుని కలుపు తీసే బండిని పదిమంది రైతులు కలిసి కొని వంతులవారీగా వాడుకోవచ్చు.

ఎనిమిదో అడుగు: సహజమైనదంటే హాని లేనిదని కాదు

సేంద్రియ పొలంలో మందుల భయం లేదని చెప్పి శ్రామికులకు చేతి తొడుగులు కూడా ఇవ్వకపోవడం పొరపాటు. సేంద్రియ సాగులో అనుమతించిన గంధకం పొడి కళ్లను, చర్మాన్ని, ఊపిరితిత్తులను మండిస్తుంది. సున్నం గంధకం ద్రావణం చర్మాన్ని, కళ్లను కాల్చగలదు. తెగుళ్లకు చల్లే బోర్డో మిశ్రమంలో వాడే మైలుతుత్తం కంటికి తీవ్రమైన హాని చేస్తుంది. పూల నుంచి తీసిన పైరెత్రం కూడా కొందరికి దద్దుర్లు, ఆయాసం తెప్పిస్తుంది. చాలా డబ్బాల మీద, చల్లిన తరువాత ఎన్ని గంటలకు పొలంలోకి వెళ్లవచ్చో రాసి ఉంటుంది, గంధకానికి అది తరచుగా 24 గంటలు. ఆ సమయం ముగిసేదాకా మడి గట్టు మీద ఎర్ర జెండా పాతి, లోపలికి ఎవరూ వెళ్లకూడదని బొమ్మతో సహా రాసి పెట్టండి. భాష రానివారికి బొమ్మ ఉపయోగపడుతుంది.

ఎరువుకూ ఇదే జాగ్రత్త. పచ్చి పశువుల ఎరువులో మనిషికి విరేచనాలు తెప్పించే సూక్ష్మక్రిములు ఉంటాయి. అందుకే అమెరికా సేంద్రియ నియమాలు పచ్చి ఎరువు వేసిన తరువాత, నేలకు తగిలే కాయలకు 120 రోజులు, తగలని వాటికి 90 రోజులు గడిచాకే కోయాలంటాయి. ఈ గడువు తినేవారి రక్షణ కోసం పెట్టింది. ఎరువును ఎత్తి పోసే మనిషి రక్షణ కోసం పెట్టిన గడువేదీ లేదు. అతనికి తొడుగులు, బూట్లు, సబ్బు నీళ్లు, ధనుర్వాతం టీకా, పని అయ్యాక మార్చుకునే బట్టలు మీరు ఇవ్వాలి. పొడి కంపోస్టు కుప్పను తిప్పేటప్పుడు లేచే దుమ్ములో బూజు బీజాలు ఊపిరితిత్తులకు చేరతాయి కనుక, తిప్పే ముందు కొద్దిగా తడిపి, నోటికి ముక్కుకు మంచి ముసుగు కట్టుకునేలా చూడండి.

తొమ్మిదో అడుగు: కూలి లెక్క

గంట కూలికి వచ్చిన గంట, వెళ్లిన గంట రాసే హాజరు పుస్తకం రెండు ప్రతులుగా ఉండాలి, ఒకటి శ్రామికుడి దగ్గర. బుట్ట కూలికి ఇంకా జాగ్రత్త అవసరం. ఫ్లోరిడా టమాటా తోటల్లో ఒకప్పుడు బుట్ట అంచు దాటి గోపురంలా నింపితేనే ఒక బుట్టగా లెక్కించేవారు. ఆ పైన పోసిన కాయల కూలి శ్రామికుడికి దక్కేది కాదు. ఫెయిర్ ఫుడ్ కార్యక్రమం నిండిన బుట్ట ఎలా ఉండాలో చిత్రంతో నిర్ణయించి ఆ అలవాటును ఆపింది. మీరు కూడా బుట్టలో ఏ గీత దాకా నింపాలో రంగుతో గీసి చూపించండి, తూకం అయితే కాటా శ్రామికులకు కనిపించే వైపు తిప్పి పెట్టండి. సేంద్రియ తోటలో పుచ్చు కాయలు, మచ్చ కాయలు ఎక్కువ. వాటిని ఏరి పక్కన పెట్టడానికి పట్టే సమయం బుట్ట కూలిలోకి రాదు. అందుకని ఏ రోజు బుట్టల లెక్క గంట కూలి కన్నా తగ్గినా, గంట కూలి ప్రకారమే ఇస్తానని రాయండి.

కూలిని వారానికో పదిహేను రోజులకో, నేరుగా శ్రామికుడి చేతికి గానీ అతని ఖాతాకు గానీ చెల్లించాలి. భార్యాభర్తలు ఇద్దరూ పనిచేస్తే ఇద్దరికీ విడివిడిగా చెల్లించాలి, ఆమె కూలి అతని చేతిలో పెట్టడం ఆమెకు చేసే అన్యాయం. చెల్లించిన ప్రతిసారీ గంటలు, బుట్టలు, కోతలు, చేతికి వచ్చిన మొత్తం రాసిన చీటీ ఇవ్వాలి. పని ఇప్పించినందుకు అంటూ కూలిలోంచి కోత పెట్టడాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949 నాటి 95వ ఒడంబడిక నిషేధిస్తుంది. చివరికి ఇస్తానని కొంత కూలి అట్టే పెట్టుకోవడం, మధ్యలో వెళ్లిపోకుండా ఉండడానికే అని మీరు ఎంత చెప్పుకున్నా, కూలి బిగబట్టడం కిందికే వస్తుంది.

పదో అడుగు: నోరు విప్పే దారి

న్యాయం జరుగుతోందో లేదో చెప్పగలిగేది శ్రామికులే, కానీ భాష రానివారు, తిరుగు ప్రయాణానికి మీ మీద ఆధారపడినవారు ఊరికే అడిగితే చెప్పరు. వారిలోంచి ఒకరిని, స్త్రీలు ఉంటే వారిలోంచి కూడా ఒకరిని, వారే ఎన్నుకోమనండి. వారానికి ఒక సాయంత్రం పని గంటల్లోనే అరగంట కూర్చుని వారు చెప్పింది వినండి, విన్నది రాసుకోండి, వచ్చే వారం ఏం చేశారో చెప్పండి. మీ మీదే ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పాలో కూడా వారికి తెలియాలి కనుక, కార్మిక శాఖ, శ్రామిక సంఘం, మీకు పత్రం ఇచ్చిన ధ్రువీకరణ సంస్థ ఫోను నంబర్లను వారి భాషలో గది గోడకు అంటించండి. వ్యవసాయ శ్రామికులకు సంఘం పెట్టుకునే హక్కును అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే 11వ ఒడంబడికలో గుర్తించింది. సంఘం వారు వచ్చి మాట్లాడతామంటే గేటు తెరవండి.

స్త్రీల మీద వేధింపుల విషయంలో మెత్తదనం వద్దు. పొలం పెద్దది, సాళ్లు పొడుగు, ఎవరికి పని ఇవ్వాలన్నది మేస్త్రీ చేతిలో ఉంటుంది, ఈ మూడూ కలిసిన చోట ప్రమాదం ఉంది. ఒంటరిగా ఒక స్త్రీని దూరపు మడికి పంపకండి. ఫిర్యాదు వస్తే విచారణ ముగిసేదాకా పని మానుకోవలసింది, చోటు మారవలసింది ఆరోపణ ఎదుర్కొంటున్నవాడే, ఆమె కాదు.

పదకొండో అడుగు: వెంట వచ్చిన పిల్లలు

కుటుంబాలతో వచ్చినప్పుడు పిల్లలూ వస్తారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి ఇచ్చిన 2024 అంచనా ప్రకారం ప్రపంచంలో 13.8 కోట్ల మంది పిల్లలు బాల కార్మికులుగా ఉన్నారు, వారిలో 61 శాతం వ్యవసాయంలోనే. బుట్ట కూలి ఉన్న చోట తల్లికి సాయంగా పిల్ల చేయి వేయడం తేలిక, కాబట్టి పెద్దల కూలి వారి బతుకుకు సరిపోయేలా ఉండడమే మొదటి మందు. కోత కాలానికి నీడ, నీళ్లు, చూసుకునే మనిషి ఉన్న ఒక గదిని పిల్లలకు కేటాయించి, దగ్గరలోని బడిలో కొద్ది వారాలకైనా చేర్చుకోమని అడగండి. చూసుకునే మనిషి కూలి మీరే ఇవ్వాలి.

చివరి అడుగు: వెళ్లే రోజు

గాయానికి, జబ్బుకు బీమా మొదటి రోజు నుంచే ఉండాలి, పని వల్ల దెబ్బ తగిలితే వైద్యం, కోలుకునేదాకా కూలి మీరే చూసుకోవాలి. ఆ బాధ్యత శ్రామికుడు ఊరు చేరినంత మాత్రాన తీరదు, కనుక గాయాల పుస్తకంలో తేదీతో సహా రాసి అతనికి ఒక ప్రతి ఇవ్వండి.

బయలుదేరడానికి ఒక రోజు ముందే లెక్క తేల్చండి, బస్సు ఎక్కే గంటకు తేల్చే లెక్కలో తప్పు దొర్లితే సరిదిద్దే వ్యవధి వారికి ఉండదు. మొత్తం పనిదినాలు, కూలి, హామీ ఇచ్చిన రోజులు, తిరుగు ప్రయాణం ఖర్చు రాసి, పక్కన వారి భాష తెలిసిన మనిషిని కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరికీ చదివి వినిపించండి. ఏ సాలు కష్టమైంది, ఏ పనిముట్టు పనికి రాలేదు, ఎక్కడ నీళ్లు దూరమయ్యాయి అని అడిగి, చెప్పింది వచ్చే ఏడాది పని లెక్క పుస్తకం మొదటి పుటలో రాసుకోండి. మళ్లీ రావాలనుకునేవారికి వచ్చే పంటకు తేదీ, కూలి రాసి, మేస్త్రీ అవసరం లేకుండా మీకే ఫోను చేయగలిగేలా మీ నంబరు ఇవ్వండి.